బాబాయికి కాపీ పేస్ట్ నేర్పడం ఎలా? ఆయన వద్దంటే వద్దంటున్నాడు

కొల్లేటికొంగ
అందరికీ నమస్కారం. మా బాబాయి దస్తావేజు లేఖరి. ఏలూరు జిల్లాలో చిన్న ఊరు, రిజిస్ట్రారాఫీసు ఎదురుగా కొట్టు. వయసు అరవై దాటింది. చేత్తో రాసే రోజుల్లో ఆయన దస్తూరీ చూసే పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవాళ్లు. ఇప్పుడంతా కంప్యూటరే కదా. టైపు చెయ్యడానికి ఒక కుర్రాడుండేవాడు. వాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. బాబాయి రెండు వేళ్లతో తెలుగు కొడతాడు. నెమ్మదే గానీ తప్పులుండవు.

చిక్కేంటంటే, కాపీ పేస్ట్ అనగానే ఒంటికాలి మీద లేస్తాడు. ప్రతి దస్తావేజులోనూ అవే వాక్యాలుంటాయి కదా, "సదరు ఆస్తిని మీ పుత్రపౌత్ర పారంపర్యంగా సర్వహక్కులతో అనుభవించవలెను" లాంటివి. అవన్నీ ప్రతిసారీ మొదటి అక్షరం నుంచి కొడతాడు. ఈమధ్యే శుక్లాల ఆపరేషన్ అయింది. ఎక్కువసేపు తెర చూడొద్దన్నారు. పిన్ని నా మీద పడింది, "నువ్వు సాఫ్ట్‌వేరే కదా, ఆ మాత్రం నేర్పలేవా" అని.

నేర్పబోయాను. వినడు. "చూసి రాయడం ముప్పయ్యేళ్లుగా చేస్తున్నా, నాకెందుకమ్మాయ్ ఆ దొడ్డిదారి" అంటాడు. ఇలాంటివాళ్లకి ఎవరైనా నేర్పారా? ఎలా మొదలుపెట్టారు?

డీటీపీ_దుకాణం
వేళ్లు కంట్రోల్ మీద పెట్టించి సి కొట్టించండి, వి కొట్టించండి. అయిపోయింది. ఇందులో నేర్పడానికేముందండీ?

కొల్లేటికొంగ
అలాగే చెప్పానండీ. కొట్టాడు. పేరా మొత్తం మాయమైంది, ఒకే ఒక్క అక్షరం మిగిలింది. అది చూసి లేచి వెళ్లి టీ తాగొచ్చాడు. మళ్లీ ఆ కుర్చీలో నేను చెప్తుండగా కూర్చోలేదు.

ఓరుగల్లు_మాస్టర్
మిగిలిన అక్షరం "మ" కదా? ఆయనది ఇన్‌స్క్రిప్ట్ (మన భాషలకు ఖరారు చేసిన మీటల వరస) కీబోర్డేనా?

కొల్లేటికొంగ
అవును "మ"నే!! మీకెలా తెలిసిందండీ?

ఓరుగల్లు_మాస్టర్
నేను బడిలో పిల్లలకు కంప్యూటర్ చెప్త. సెలవుల్లో పెద్దవాళ్లకు కూడా చెప్పిన. ఇన్‌స్క్రిప్ట్‌లో సి మీట మీద "మ" ఉంటది, వి మీట మీద "న" ఉంటది. కంట్రోల్ సరిగ్గ నొక్కకముందే సి తగిలిందనుకోండి, కంప్యూటరుకు అది కాపీ ఆజ్ఞ కాదు, మామూలు టైపింగే. సెలెక్ట్ అయి ఉన్న పేరా మీద ఏ అక్షరం కొట్టినా పేరా పోయి ఆ అక్షరం వచ్చి కూసుంటది. కొత్తవాళ్లకు అందరికీ ఇదే అయితది. మనకు వేళ్లు అలవాటై ఆ సంగతే మర్చిపోయినం.

కాబట్టి మీ బాబాయి గారి భయంల న్యాయముంది. గంటసేపు కొట్టింది ఒక్క దెబ్బకు పోతే ఎవరికైనా గుండె జారుతది.

మూడు పనులు చెయ్యండి.

వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి పోతే మొదట్లనే "టైపింగ్ రీప్లేసెస్ సెలెక్టెడ్ టెక్స్ట్" అని ఒక టిక్కు ఉంటది. అది తీసెయ్యండి. ఇగ పొరపాటున "మ" పడ్డా పేరా ఎక్కడికీ పోదు, ముందట ఒక "మ" చేరుతది, అంతే. దాని కిందనే అక్షరాలను మౌసుతో ఈడ్చుకుపోయే సౌకర్యానికి ఇంకో టిక్కు ఉంటది. అదీ తీసెయ్యండి. చెయ్యి కొద్దిగ వణికితే వాక్యం పోయి ఇంకోచోట పడేది దానివల్లనే.

రెండోది, స్టిక్కీ కీస్ పెట్టండి. షిఫ్ట్ మీట అయిదుసార్లు వరసగా నొక్కితే పెట్టమంటారా అని అడుగుతది. అది పెట్టినంక రెండు మీటలు ఒకేసారి పట్టుకునే పని లేదు. కంట్రోల్ నొక్కి వదిలేసి, తీరిగ్గా సి నొక్కొచ్చు.

మూడోది అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది. కాపీ నేర్పకముందు కంట్రోల్+జెడ్ నేర్పండి. పోయింది తిరిగొస్తదని చేతికి నమ్మకం కుదరాలె. మీరే ఒక పనికిరాని ఫైల్ తెరిచి, ఆయన చేతనే పేరా మొత్తం తుడిపించండి. జెడ్ కొట్టించి వాపసు తెప్పించండి. నవ్వుకునేదాకా ఆ ఆటే ఆడించండి. ఆ రోజుకు అదే పాఠం.

పాత_సుత్తి
మాస్టారు చెప్పింది వంద శాతం కరెక్టు. ఇంకొకటి కలుపుతాను. కాపీ, పేస్ట్ రెండూ తేలికే. కష్టమంతా సెలెక్ట్ చెయ్యడంలో ఉంది. అది ఎవరూ విడిగా నేర్పరు. మౌసు ఎడమ బొత్తాం నొక్కి పట్టుకుని, వదలకుండా, అడ్డంగా జరిపి, కింది లైన్లోకి దిగి, సరిగ్గా చివరి అక్షరం దగ్గర ఆపాలి. పెద్దవాళ్ల చేతికి ఇది సర్కస్. కింది లైన్లోకి దిగేసరికి పేజీ జర్రున జారిపోతుంది, నీలం రంగు నాలుగు పేజీలకు పాకుతుంది.

ఈడ్చడం నేర్పకండి. పేరా మొదట్లో ఒక క్లిక్కు. షిఫ్ట్ పట్టుకుని పేరా చివర ఇంకో క్లిక్కు. మధ్యలోదంతా సెలెక్ట్ అవుతుంది. వర్డ్‌లో ఇంకా సులువు, పేరా మీద మూడుసార్లు టకటకా క్లిక్ చేస్తే ఆ పేరా వరకూ పట్టుకుంటుంది. ఒక్క మాటే కావాలంటే రెండు క్లిక్కులు. వేలు నొక్కి పట్టుకోలేనివాళ్లకి మౌసు సెట్టింగుల్లో క్లిక్‌లాక్ అని ఉంది. కాసేపు నొక్కి వదిలేస్తే నొక్కినట్టే ఉండిపోతుంది, మళ్లీ క్లిక్ చేస్తే విడుస్తుంది.

సెలెక్ట్ చేశాక కుడి బొత్తాం కూడా ఆ నీలం మీదే నొక్కాలి. పక్కన తెల్లచోట నొక్కితే నీలం పోతుంది. "చేశాను, పనిచెయ్యలేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇంతే.

అట్లాంటా_అత్తగారు
నేనూ ఒకటి చెప్పనా. మా అత్తగారు కంప్యూటర్ ముట్టుకోరు గానీ వాట్సాప్‌లో గుడ్ మార్నింగులు మాత్రం పొద్దున్నే అయిదింటికల్లా అందరికీ చేరిపోతాయి. "వేలు నొక్కి పట్టుకుని ఫార్వర్డ్ చేస్తున్నారు కదా, సగం మీకు వచ్చినట్టే" అన్నాను. ఫోన్లో మొదలుపెట్టాం. మెసేజ్ మీద వేలు నొక్కి పట్టడం, కాపీ, నోట్స్‌లోకి వెళ్లి మళ్లీ నొక్కి పట్టి పేస్ట్. విష్ణు సహస్రనామం శ్లోకాలు మా ఆడపడుచు విడివిడిగా పంపితే అన్నీ కలిపి ఒకచోట పెట్టుకోవాలని ఆవిడ ఆశ. ఆ ఆశే పని చేయించింది.

అన్నీ ఒకేసారి కాపీ చేస్తే శ్లోకానికీ శ్లోకానికీ మధ్య తారీఖు, టైము, మా ఆడపడుచు పేరు కూడా వచ్చి పడ్డాయి. పారాయణలో ఆవిడ పేరూ చదవాల్సి వస్తుందని మా మామగారు ఏడిపించారు. ఒక్కో మెసేజ్‌నే కాపీ చేస్తే ఆ గొడవ ఉండదు.

బాబాయి గారు ఫోన్ వాడతారా?

కొల్లేటికొంగ
వాడతాడండీ, ఫార్వర్డుల్లో ఆయన కూడా తక్కువేం కాదు. మాస్టారు చెప్పినవి పెట్టాను. నిన్న జెడ్ ఆట ఆడించాను. పైకి ఏమీ అనలేదు గానీ నేను వంటింట్లోకి వెళ్లాక ఒక్కడే కూర్చుని తుడుపుతూ తెప్పిస్తూ ఉన్నాడని పిన్ని చెప్పింది.

కానీ అసలు మాట ఇవాళ బయటపెట్టాడు. భయం ఒక్కటే కాదట. "చూసి కొడితే ప్రతి అక్షరం చదివినట్టు. అతికిస్తే ఎవడు చదువుతాడు? హద్దు తప్పితే కొన్నవాడి పిల్లలూ, అమ్మినవాడి పిల్లలూ కోర్టు చుట్టూ తిరగాలి" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

స్టాంపుపేపర్
ఎన్నాళ్లనుంచో చదువుతున్నా గానీ ఇక్కడ రాయడం తక్కువ. నేనూ ఆ వృత్తిలోనే ఉన్నాను, ప్రకాశం వైపు. మీ బాబాయి గారు చెప్పింది అక్షరాలా నిజం.

కొత్త కుర్రాళ్లు ఏం చేస్తారంటే నిన్నటి దస్తావేజు తెరిచి, వేరే పేరుతో సేవ్ చేసి, పేర్లు మారుస్తారు. పేర్లు అందరూ చూస్తారు. కొన్నవాడూ చూస్తాడు, అమ్మినవాడూ చూస్తాడు. చెక్కుబందీ, అంటే నాలుగువైపుల హద్దులు, ఎవరూ చూడరు. తూర్పు, దక్షిణం, పడమర మార్చి ఉత్తరం మార్చడం మర్చిపోతాడు. నిన్నటి పొలానికి ఉత్తరాన ఉన్న కాలువ ఇవాళ్టి పొలానికీ వచ్చేస్తుంది. రిజిస్ట్రేషన్ అయిపోతుంది. ఏళ్ల తరవాత బ్యాంకు లోనుకు వెళ్లినప్పుడో, ఆ పొలం మళ్లీ అమ్మేటప్పుడో లింకు దస్తావేజుతో, అంటే ఆ పొలం అంతకుముందటి దస్తావేజుతో పోల్చి చూస్తే అప్పుడు బయటపడుతుంది. ఇక సవరణ దస్తావేజు రాయించాలి, అమ్మినవాళ్లను వెతుక్కోవాలి. అమ్మినాయన పోయి ఉంటే ఆయన వారసులందరి సంతకాలు కావాలి. అందులో ఒకడు దుబాయ్‌లో ఉంటాడు.

విస్తీర్ణం సంగతి అంతకన్నా దారుణం. య.2-45 సెంట్లు (రెండెకరాల నలభై అయిదు సెంట్లు) అన్నది పాతది అలాగే ఉండిపోతే చూడ్డానికి తప్పులా కనపడదు. తెలంగాణ వైపు గుంటలు రాస్తారు, నలభై గుంటలకు ఎకరం. మనకు వంద సెంట్లకు ఎకరం. అటునుంచి తెచ్చిన నమూనాలో "గుంటలు" అన్నమాట మిగిలిపోతే పొలం కొలతే మారిపోతుంది.

కాబట్టి ఆయన్ని మార్చాలనుకోకండి.

డీటీపీ_దుకాణం
అయితే మరి కంప్యూటరెందుకండీ? స్టాంపు పేపరూ, సిరాబుడ్డీ చాలు కదా.

కోపం తెచ్చుకోకండి గానీ చూసి కొట్టడం వల్ల వచ్చే తప్పుల మాటేంటి? మా కొట్టుకి రోజూ వస్తారు. బ్యాంకు ఖాతా నంబర్లో ఒక అంకె అటూ ఇటూ. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో పదకొండు గుర్తులుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నాయే. చూసి కొట్టేవాళ్లు దాన్ని ఇంగ్లీషు "ఓ" అనుకుని కొడతారు. అలాంటివి కాపీ చేస్తేనే క్షేమం. డబ్బు ముట్టిన వివరాలు దస్తావేజులో రాస్తారుగా, అక్కడ తప్పు పడితే?

స్టాంపుపేపర్
అదీ నిజమే, కాదనను. నేను పాటించే పద్ధతి చెప్తాను, మీ బాబాయి గారికి నచ్చుతుందేమో చూడండి.

వేరే దస్తావేజులోంచి హద్దులు, సర్వే నంబర్లు, విస్తీర్ణం, పేర్లు, ఆధార్ నంబర్లు ఎప్పుడూ తేకూడదు. అవి కాగితం చూసి కొట్టాల్సిందే. ఒకే దస్తావేజులో అవే రెండోసారి వస్తే మాత్రం కాపీయే చెయ్యాలి. లోపల ఒకచోట ఒకలా, చివర ఆస్తి వివరాలుండే షెడ్యూల్లో ఇంకోలా ఉంటే అసలుకే మోసం. ఆన్‌లైన్‌లో వివరాలు నింపేటప్పుడూ అంతే. మొదటిసారి కొట్టినప్పుడు ఆయన చదివారు, సరిచూశారు. ఆ సరిచూసినదాన్నే మళ్లీ వాడుతున్నారు. ఇక "పుత్రపౌత్ర పారంపర్యంగా", "ఏ విధమైన తగాదాలు గానీ, అప్పులు గానీ లేవని" లాంటి మామూలు వాక్యాలు ఎన్నిసార్లు కొట్టినా అవే. వాటికి కళ్లు పాడుచేసుకోనక్కర్లేదు.

ఓరుగల్లు_మాస్టర్
స్టాంపుపేపర్ అన్నా, మంచి మాట చెప్పినవ్. నేర్పేటోళ్లు ఈ తేడా చెప్పరు.

కొల్లేటికొంగ గారూ, ఒక ఖాళీ నమూనా తయారుచేయండి. పాత దస్తావేజులోంచి కాదు, మామూలు వాక్యాలు మాత్రమే ఉన్నది. పేరు రావాల్సిన చోట, హద్దు రావాల్సిన చోట మూడు నక్షత్రాలు పెట్టండి. అన్నీ నింపినంక కంట్రోల్+ఎఫ్ కొట్టి నక్షత్రం వెతికితే, ఎక్కడన్నా నింపకుండ మిగిలిందా లేదా తెలిసిపోతది. పాత పేరు మిగిలే ప్రశ్నే లేదు, ఎందుకంటే అందులో పాత పేరే లేదు.

గుండమ్మత్త_కాదు
ఇంత దూరం ఎందుకు, ఫైండ్ అండ్ రీప్లేస్ కొడితే అన్ని పేర్లూ ఒకేసారి మారిపోతాయిగా?

స్టాంపుపేపర్
అమ్మా, ఆ పని మాత్రం నేర్పొద్దు. "వీరన్న" తీసి "సాంబయ్య" పెట్టమంటే "వీరన్నపాలెం" కాస్తా "సాంబయ్యపాలెం" అయి కూర్చుంటుంది. ఏ రెవెన్యూ రికార్డులో వెతుక్కోవాలి ఆ ఊరిని?

గుండమ్మత్త_కాదు
😂😂 సరే సరే, వెనక్కి తీసుకున్నా.

పాత_సుత్తి
"దొడ్డిదారి" అన్నారట కదా బాబాయి గారు. ఈ సంగతి ఆయనకి చెప్పి చూడండి, పెద్దవాళ్లకి ఇలాంటివి ఆసక్తిగా ఉంటాయి.

ఈ కట్, కాపీ, పేస్ట్ అన్నది కంప్యూటరు మేధావుల కోసం పుట్టింది కాదు. 1970ల్లో అమెరికాలో జిరాక్స్ కంపెనీ వాళ్ల పార్క్ పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అని ఇద్దరు జిప్సీ అనే ప్రోగ్రాం రాశారు. అది ఎవరికోసమంటే, జిన్ అనే పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థలో పనిచేసే ఎడిటర్ల కోసం. వాళ్లకి కంప్యూటర్ అంటే ఏమిటో తెలీదు. కాగితం మీద దిద్దడం, కత్తెరతో కత్తిరించి జిగురుతో అతికించడం, అదే వాళ్లకి తెలిసిన పని. వాళ్ల పనిని చూసి, వాళ్ల మాటలే తీసుకుని కంప్యూటర్లో పెట్టారు.

అంతకుముందు ప్రోగ్రాముల్లో ఒకే మీట ఒక సమయంలో అక్షరం, ఇంకో సమయంలో ఆజ్ఞ. తాను ఏ స్థితిలో ఉన్నాడో మనిషి గుర్తుపెట్టుకోవాలి, మర్చిపోతే గల్లంతు. టెస్లర్‌కి ఆ పద్ధతి మీద ఎంత మంటంటే, కారు నంబరు ప్లేటు మీద కూడా "నో మోడ్స్" (ఆ స్థితులు వద్దు) అని రాయించుకున్నాడు. 1983లో యాపిల్ వాళ్ల లీసా కంప్యూటర్‌తో ఈ కట్, కాపీ, పేస్ట్ బజారులోకి వచ్చాయి. జెడ్, ఎక్స్, సి, వి నాలుగూ కీబోర్డు కింద వరసలో పక్కపక్కనే ఉండటం చూశారుగా, ఎడమచేత్తో అందేలా. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో పోయాడు.

తమాషా ఏంటంటే ఆయనకు గిట్టని ఆ గందరగోళమే ఇక్కడ మీ బాబాయి గారి "మ" రూపంలో ఎదురైంది. కంట్రోల్ పట్టుకుంటే ఆజ్ఞ, పట్టుకోకపోతే అక్షరం.

కొల్లేటికొంగ
ఇది చదివి వినిపించానండీ. "ఆ ఎడిటర్లకి ముందు వాళ్ల పని వచ్చు కాబట్టి సరిపోయింది" అన్నాడు. అంతే, మళ్లీ పేపర్లో తల దూర్చాడు. పొగిడాడో తిట్టాడో తెలీలేదు.

స్టాంపుపేపర్ గారి పద్ధతి మాత్రం బాగా నచ్చింది. "ఎవరో మన పని తెలిసినవాడు" అన్నాడు. నమూనా ఆయనే చెప్తుంటే నేను కొట్టాను. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది అక్కర్లేదు, ఇది ఉండాలి అని వాదన. ఆయన వాడే వాక్యాల్లో కొన్ని ఆయన గురువుగారి నాటివట. ఇప్పుడు ఆ నమూనాలోంచి కావలసిన పేరా తెచ్చుకుంటున్నాడు. మూడు క్లిక్కులు, కంట్రోల్, వదిలి, సి.

కానీ కొత్త తంటా. సి కొట్టాక ఏమీ కనపడదు కదా. "తీసుకుందా లేదా?" అని మళ్లీ కొడతాడు, మళ్లీ కొడతాడు. నమ్మకం చాలక.

అట్లాంటా_అత్తగారు
మా అత్తగారికి "జేబులో వేసుకున్నారు, అక్కడికెళ్లి తీస్తారు" అని చెప్పాను. అలా చెప్పండి.

పాత_సుత్తి
జేబు ఉదాహరణ పెద్ద చిక్కు తెస్తుందండీ. జేబులోంచి తీస్తే జేబు ఖాళీ అవుతుంది. ఇక్కడ ఖాళీ కాదు, వందసార్లు అతికించినా అదే వస్తుంది. జేబులో రెండు వస్తువులు పడతాయి, ఇక్కడ రెండోది వేస్తే మొదటిది పోతుంది. చాలామంది పెద్దవాళ్లు "ఇందాక తీసుకున్నది ఏమైంది" అని తడబడేది ఇక్కడే.

ఉదాహరణలు మానేసి ఉన్నదే చూపించండి. విండోస్ బొత్తాం పట్టుకుని వి కొట్టండి. మొదటిసారి "టర్న్ ఆన్" అంటుంది, నొక్కండి. అప్పటినుంచి కాపీ చేసినవన్నీ ఒక జాబితాగా కనపడతాయి, ఇరవై అయిదు దాకా. విండోస్ 10కి 2018 చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో మొదలైంది ఇది. కంటికి కనపడనిదాన్ని నమ్మమంటే ఎవరు నమ్ముతారు? చూపిస్తే నమ్ముతారు. ఎప్పుడూ వాడే వాక్యాన్ని పక్కనున్న పిన్ను గుర్తు నొక్కి అక్కడే ఉంచుకోవచ్చు, కంప్యూటర్ ఆపి పెట్టినా పోదు.

నైట్‌షిఫ్ట్
ఆగండాగండి. అది కొట్టు కంప్యూటర్. పదిమంది వచ్చి కూర్చునే చోటు. ఆ జాబితాలో వచ్చినవాళ్ల ఆధార్ నంబర్లు, ఖాతా నంబర్లు, పాస్‌వర్డులు కాపీ చేస్తే అవీ కనపడతాయి. తరవాత ఎవరు విండోస్+వి కొట్టినా చూడొచ్చు. పెట్టుకోండి గానీ ప్రతి పార్టీ పని అయ్యాక "క్లియర్ ఆల్" నొక్కడం కూడా కలిపి నేర్పండి. పిన్ను చేసినవి అలాగే ఉంటాయి, మిగతావి పోతాయి. పిన్నులో మామూలు వాక్యాలే ఉండాలి, ఎవరి నంబర్లూ ఉండకూడదు.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. పేస్ట్ చెయ్యడం వచ్చిన కొత్తవాళ్లనే పట్టే మోసం ఒకటి నడుస్తోంది. ఏదో వెబ్‌సైట్‌లో "మీరు రోబో కాదని నిరూపించండి" అని వస్తుంది. విండోస్+ఆర్ నొక్కండి, తరవాత కంట్రోల్+వి, తరవాత ఎంటర్ అంటుంది. మీరు ఏమీ కాపీ చెయ్యకపోయినా ఆ పేజీయే చాటుగా ఒక ఆజ్ఞను కాపీ చేసిపెడుతుంది. మీ చేత్తోనే దాన్ని నడిపిస్తుంది. పాస్‌వర్డులు దోచే ప్రోగ్రాం లోపలికి దిగుతుంది. మనిషివో రోబోవో తేల్చడానికి నిజమైన ఏ సైటూ విండోస్+ఆర్ కొట్టమనదు. డబ్బు పోయినట్టు అనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి.

కొల్లేటికొంగ
థాంక్స్ అండీ, ఇది నాకూ తెలీదు. కాగితం మీద పెద్దక్షరాలతో రాసి మానిటర్ పక్కన అంటించాను.

డీటీపీ_దుకాణం
పాత దస్తావేజులు ఏ ఫాంట్లో ఉన్నాయి? అను ఫాంట్ల లాంటి యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనపడే పద్ధతి) కానివాటిలో ఉంటే అక్కడ కాపీ చేసి ఇక్కడ పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, గీతలూ వస్తాయి. అప్పుడు మళ్లీ "చెప్పానా, ఇది పనికిరాదని" అంటారు. ఆ ఫాంట్లలో లోపల దాగి ఉండేది తెలుగు కాదు, వేరే గుర్తులకు తెలుగు బొమ్మ తొడిగారు. కన్వర్టర్లున్నాయి గానీ వత్తుల దగ్గర తప్పులొస్తాయి, చదివి దిద్దుకోవాలి.

పీడీఎఫ్‌లో స్కాన్ చేసిందైతే అది ఫొటో. దాన్లోంచి ఏమీ సెలెక్ట్ అవదు. ఇదీ ముందే చెప్పండి.

పేస్ట్ చేసినప్పుడు అక్షరాల సైజు, రంగు మారిపోతుంటే కొత్త వర్డ్‌లో కంట్రోల్+షిఫ్ట్+వి కొట్టించండి. పాత వర్డ్ అయితే ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి అక్కడినుంచి తెచ్చుకోవడమే.

కొల్లేటికొంగ
కుర్రాడు కొట్టినవన్నీ పాత ఫాంట్లవే! అందుకే ఆమధ్య ఆయన ఒకసారి ప్రయత్నిస్తే పిచ్చి గీతలు వచ్చాయట. కంప్యూటర్ పాడైందనుకుని ఆపేశాడట. ఇవాళ చెప్పాడు ఆ సంగతి. వాటి జోలికి పోవడం లేదు, నమూనా యూనికోడ్‌లోనే కొట్టాం కదా.

ఓరుగల్లు_మాస్టర్
ఇంకో చిన్న సంగతి. తెలుగులో దిద్దేటప్పుడు బ్యాక్‌స్పేస్, డిలీట్ ఒకే తీరుగ పనిచెయ్యవు. "స్త్రీ" అన్నదాని వెనక నిలబడి బ్యాక్‌స్పేస్ కొడితే చాలా ప్రోగ్రాముల్లో ముందు గుడిదీర్ఘం పోతది, తర్వాత రావత్తు, అట్ల ఒక్కొక్కటే. ముందర నిలబడి డిలీట్ కొడితే అక్షరం మొత్తం ఒకేసారి పోతది. వత్తు తప్పు పడితే బ్యాక్‌స్పేస్ మంచిది. ఇది తెలియక పెద్దవాళ్లు మాట మొత్తం తుడిచి మళ్లీ కొడుతుంటరు.

గుండమ్మత్త_కాదు
నేను పదేళ్ల నుంచి తెలుగు కొడుతున్నా, ఇది ఇప్పుడు తెలిసింది 🙏

స్టాంపుపేపర్
కొల్లేటికొంగ గారూ, బాబాయి గారి గురువుగారి నాటి వాక్యాలున్న ఆ నమూనా, పేర్లూ నంబర్లూ ఏమీ లేనిదే కదా, ఆయనకు అభ్యంతరం లేకపోతే ఒకసారి చూపిస్తారా? నా దానితో పోల్చి చూసుకుంటాను.

కొల్లేటికొంగ
అడిగానండీ. "ఆయన్నే ఫోన్ చెయ్యమను, చెప్తాను, రాసుకోమను" అంటున్నాడు. కాపీ చేసి పంపడం మాత్రం కుదరదట 😀 మీకు విడిగా నంబరు పంపుతాను.

ఇంకో ప్రశ్న, ఇది ఆయనదే. ప్రింటు తీశాక కూడా జెడ్ పనిచేస్తుందా అని అడుగుతున్నాడు. సేవ్ చేసేశాక?

పాత_సుత్తి
ఫైల్ తెరిచి ఉన్నంతసేపూ పనిచేస్తుంది. ప్రింటు తీసినా, సేవ్ చేసినా వెనక్కి వెళ్లొచ్చు. వర్డ్ మూసేసి మళ్లీ తెరిస్తే మాత్రం వెళ్లలేం. కాబట్టి మూసేముందు ఒకసారి పైనుంచి కిందికి చదువుకోమనండి. ప్రింటయిన కాగితానికి మాత్రం జెడ్ లేదు, దానికి సవరణ దస్తావేజే.